సంగీతం గది బయటి బెంచీ

మా స్కూల్లో సంగీతం గది బయట, వరండాలో, ఒక చెక్క బెంచీ ఉండేది. ఒక కాలు పొట్టిదైతే కింద కొబ్బరిచిప్ప ముక్క పెట్టి సర్దారు. నెలసరి వచ్చిన ఆడపిల్లలం ఆ రోజుల్లో సంగీతం క్లాసుకి లోపలికి వెళ్లకుండా దాని మీద కూర్చునేవాళ్లం. ఎందుకు కూర్చున్నామో ఎవరూ అడగక్కర్లేదు, మేం చెప్పక్కర్లేదు. కూర్చుంటే చాలు, ఐదో క్లాసు పిల్లల దగ్గర్నుంచి స్కూలు బస్సు డ్రైవరు దాకా అందరికీ తెలిసిపోయేది. నిరుడు శ్రావణంలో గోదావరి పొంగిన రోజుల్లో నాకు జరిగిందంతా ఆ బెంచీ మీదే జరిగింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మండనివ్వండి, చల్లార్చుకుందామని చెప్పడం లేదు.

అప్పుడు నేను పి.గన్నవరంలో పదో క్లాసు చదువుతున్నాను. నాన్న దుర్గారావు కొబ్బరికాయల వ్యాపారం చేస్తాడు. మా ఇంటావంటా సంగీతం లేదు. స్కూల్లో ఎవరో దాత ఇచ్చిన నాలుగు వీణలుంటే, ఆరో క్లాసు నుంచీ వాటి మీదే నేర్చుకున్నాను. వాటిని ఇంటికి తీసుకెళ్లనివ్వరు. అంటే పదో క్లాసుతో పాటే నా వీణ కూడా అయిపోతుంది. ఒకటి కొనమని నాన్నని ఎన్నిసార్లు అడిగినా నవ్వి ఊరుకునేవాడు. ఆ ఏడు గట్టిగా పట్టుబట్టాను.

"గ్రేడు పరీక్ష ప్యాసవ్వు, నీ వీణ నీకు కొనిపెడతాను. ఫెయిలయ్యేవంటే మళ్లీ ఆ మాటెత్తకు" అన్నాడు. నాన్న మాటంటే మాటే, రెండు వైపులా.

మాకు నేర్పేది సుబ్రహ్మణ్యేశ్వరరావు మాస్టారు. ఆయన చేతిలో విద్య లేదని నేనెప్పుడూ అనను. ఆయన తీగ మీద వేలు జరిపితే వరండాలో పోయేవాళ్లు ఆగి వినేవాళ్లు. కానీ వీణంటే సరస్వతి కాబట్టి, బయటున్న పిల్ల గది గడప దాటకూడదు, పాఠం పుస్తకం కూడా ముట్టకూడదు. అది ఆయన పెట్టిన నియమం. ఎనిమిదో క్లాసులో మొదటిసారి నన్ను ఆ బెంచీ మీద కూర్చోబెట్టినప్పుడు ఆయన్ని అడిగాను. పొద్దున్న ఇవే చేతులతో లెక్కల పుస్తకం పట్టుకుని స్లిప్ టెస్టు రాశాను కదండీ, మరి అది సరస్వతి కాదా అని. ఆయన ఏమాత్రం తడుముకోలేదు.

"అది సిలబస్సమ్మా. ఇది శాస్త్రం" అన్నారు.

ఇంట్లో మాత్రం ఏం తక్కువ? మా నాన్నగారి అమ్మ, వీరాయమ్మ మామ్మ రాజ్యంలో, అమ్మకైనా నాకైనా నెలసరి వస్తే వెనక వరండాలో చాప, వేరే కంచం, వేరే గ్లాసు. ఆ మూడు రోజులూ మామ్మే వండి, కంచానికి తగలకుండా పైనుంచి వడ్డించేది. అమ్మ పెళ్లయి వచ్చినప్పటి నుంచీ నోరెత్తకుండా ఆ చాప పరుచుకుంటోంది. నేను నోరెత్తితే, దీనికి ఈ నోరు ఎవరి పోలికో అని మామ్మ అమ్మ వంక చూసేది. అమ్మ నవ్వేసేది.

గ్రేడు పరీక్ష పెట్టేది ఏదో సంగీతం బోర్డు. వాళ్లు కొత్తగా సైట్ రీడింగ్ అని ఒక భాగం కలిపారు. మనం ఎప్పుడూ చూడని స్వరాల కాగితం ఒకటి ఇస్తారు. రెండు నిమిషాలు చూసుకుని, తాళం తప్పకుండా వాయించాలి, లేకపోతే పాడాలి. దానికి ఇరవై మార్కులు. అంతకు ముందు ఏడు మా స్కూలు పిల్లలంతా ఆ భాగంలో బోర్లాపడ్డారు. మా కరస్పాండెంట్ గారికి ఫలితాలంటే ప్రాణం. ఈసారీ అలాగే అయితే ఆ గదిలో కంప్యూటర్లు పెట్టిస్తానని మాస్టారితో అన్నారట.

మాస్టారికి అసలు ఆ భాగమంటేనే మంట. సంగీతం చెవితో నేర్చుకునేదని, కాగితం చూసి చదవడానికి ఇదేమన్నా కరెంటు బిల్లా అని విసుక్కునేవారు. అయినా ఉద్యోగం కదా, ఎక్కడెక్కడివో స్వరాలు జిరాక్సు తీయించి తెచ్చారు. ఆయన నేర్పిన తీరు చూసి తీరాలి. ముందు అందరికీ కాగితాలు పంచేవారు. వెంటనే అందులో ఉన్నది తను ఒకసారి వాయించి వినిపించేవారు. అది విని మేమంతా వాయించేవాళ్లం. బ్రహ్మాండంగా వచ్చేది. ఒక్కరూ కాగితం వంక చూసేవారు కాదు. ఆయన తృప్తిగా తలూపి ఇంకో కాగితం తీసేవారు. మీరు వినిపించేశాక అది చూడని పాఠం ఎలా అవుతుందండీ అని నేనంటే, వినకుండా ఎలా వస్తుందమ్మా అని నిజంగానే ఆశ్చర్యపోయేవారు. ఆయన గురువుగారు ఆయనకి అలాగే నేర్పారు మరి. మొత్తానికి ఆ గదిలో కూర్చున్న ఎవరికీ స్వరం చదవడం రాలేదు. నాక్కూడా రాలేదు.

నాకు వచ్చింది బెంచీ మీద.

ఆషాఢంలో నా వంతు వచ్చినప్పుడు మాస్టారు ఒక జిరాక్సు కాగితం కిటికీలోంచి నా వైపు జారవిడిచారు. పుస్తకం ముట్టకూడదు గానీ జిరాక్సుకి మైల లేదట. ఇంతలో కరస్పాండెంట్ గారు పిలుస్తున్నారంటే ఆయన లేచి వెళ్లిపోయారు. ఆ వేళ వాయించి వినిపించేవాళ్లు లేరు. లోపలి వాళ్లు కబుర్లలో పడ్డారు. నేను లెక్కల బాక్సులోంచి స్కేలు తీసి ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, అదే వీణ అనుకుని, తీగ కింది మెట్ల మీద పెట్టినట్టు దాని మీద వేళ్లు పెట్టాను. చుక్క పైనుంటే పై స్థాయి, కిందుంటే కింది స్థాయి, కామా ఉంటే ఆ స్వరం మీద నిలవాలి. అంతవరకు తెలుసు. మొదటి వరస ఎన్నిసార్లు చూసినా అక్షరాలు అక్షరాల్లాగే ఉన్నాయి. చాలాసేపటికి, గాంధారం నుంచి పంచమానికి వెళ్లేచోట, ఎవరూ వాయించకుండానే నాకు వినబడింది. ఎవరన్నా వాయించారేమోనని తల తిప్పి కిటికీలోకి చూశాను కూడా. ఎవరూ లేరు. మళ్లీ కాగితం చూస్తే మళ్లీ వినబడింది. ఆ రోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. చెప్పుకుందామంటే పక్కన ఎవరూ లేరు, అదొక్కటే లోటు.

అలాగని ఇది ఆ బెంచీ గొప్పతనం అని ఎవరన్నా అంటే ఊరుకోను. గదిలో కూర్చోనిచ్చి, కాగితం ఇచ్చి, ఒక్క పావుగంట ఆయన వాయించకుండా ఉంటే అది గదిలోనూ వచ్చేది.

మర్నాడు ఎనిమిదో క్లాసు హేమ నా పక్కకొచ్చి చేరింది. దానికి ఆ బెంచీ అదే మొదటిసారి. బ్యాగు ఒళ్లో పెట్టుకుని అందులో మొహం దాచుకుంది. గ్రౌండులో మగపిల్లలు చూస్తున్నారని దాని ఏడుపు. నేను బ్యాగు లాగి కింద పెట్టి, స్కేలు దాని ఒళ్లో పెట్టాను. చూసేవాళ్లని చూడనీ, నువ్వు కాగితం చూడు అన్నాను. ముక్కు ఎగబీలుస్తూనే మొదటి వరస సగం చదివింది. పిల్ల చురుకైనది. ఆ తర్వాత బెంచీ అవసరం లేని రోజుల్లో కూడా మధ్యాహ్నం అన్నాలయ్యాక మేమిద్దరం అక్కడే కూర్చుని కాగితాలు చదివేవాళ్లం.

శ్రావణం మొదట్లో పరీక్ష తేదీ వచ్చింది, ఒక శనివారం. మాస్టారు ఇలాంటి విషయాలు ఆడపిల్లలతో మాట్లాడరు కదా, ఆయా చేత తల్లులకి కబురు చేయించారు, పరీక్ష రోజుకి ఎవరికీ ఇబ్బంది లేకుండా చూసుకోమని. చూసుకోవడమంటే ఏమిటో మా వైపు తల్లులందరికీ తెలుసు. పెళ్లిళ్లకీ, వ్రతాలకీ, తిరుపతి ప్రయాణాలకీ నెలసరి అడ్డం రాకుండా వాయిదా వేసే మాత్రలు మందులషాపులో అడిగి తెచ్చుకుంటారు. లెక్క చూస్తే నాకు సరిగ్గా ఆ శనివారానికే వచ్చేలా ఉంది. అమ్మ మాత్ర తెచ్చి, పక్కన మంచినీళ్లు పెట్టింది.

"నియమం ఆయనది. మాత్ర నేనెందుకు మింగాలి?" అన్నాను.

అమ్మ నా తల నిమిరింది. "వీణ కావాలా వద్దా, ముందు అది చెప్పు. మీ అత్త పెళ్లికి నేనూ వేసుకున్నాను. ఏం కాదు" అంది.

వీణ కావాలి. అందుకని మింగాను. రోజంతా తల బరువు, తిన్నదల్లా తిప్పుకొచ్చేది. గదిలో వీణ ముందు కూర్చుంటే మెట్లు రెండు రెండుగా కనబడేవి. అయినా గదిలోనే ఉన్నాను కదా, మాస్టారు సంతోషించారు.

పరీక్ష రేపనగా గోదావరి వచ్చేసింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. ఏటి మధ్య లంకలు మునిగాయి. మా స్కూలుకి సెలవిచ్చి, లంకల వాళ్లని పడవల్లో తెచ్చి క్లాసుల్లో పెట్టారు. పరీక్ష వాయిదా పడింది. కొత్త తేదీ ఏ క్షణాన చెబుతారోనని అమ్మ మాత్రలు ఆపనివ్వలేదు. ఊళ్లోవాళ్లు గట్టు మీద నిలబడి నీటిమట్టం చూసుకుంటుంటే, నేను ఇంట్లో మాత్రలు మింగుతూ కూర్చున్నాను.

ఆదివారం నాన్న పులిహోర పొట్లాలు కట్టించి స్కూలుకి పట్టుకెళ్తుంటే నేనూ వెళ్లాను. సంగీతం గది నిండా జనం. వీణల్ని గోడ వారకి జరిపి, మిగతా చోటంతా చాపలు పరుచుకున్నారు. లోవమ్మ అనే ఆవిడ, వీణ మీద కప్పే ఎర్ర జరీ గుడ్డని నాలుగు మడతలు పెట్టి, దాని మీద చంటిపిల్లాణ్ణి పడుకోబెట్టింది. నన్ను చూసి కంగారు పడింది.

"మీదామ్మా ఇది? నేల చెమ్మగా ఉందని పరిచేనండి. తీసెయ్యమంటారా?" అంది.

ఉంచండి అన్నాను. పిల్లాడు పొద్దుటి నుంచీ వీణ తీగ లాగి, చప్పుడొస్తే నవ్వుతున్నాడని ముచ్చటగా చెప్పింది. ఆ గదిలో చాలామంది ఆడవాళ్లున్నారు. ఎవరు బయటున్నారో, ఎవరు లోపలున్నారో ఏ ఆయా వచ్చి అడగలేదు. వీణలు ఉన్నచోటే ఉన్నాయి. గోడ మీద పటంలో సరస్వతి కూడా ఉన్నచోటే ఉంది.

నీళ్లు తీశాయి. లంకల వాళ్లు వెళ్లిపోయారు. మాస్టారు వచ్చి గదంతా కడిగించారు. అంతవరకు బాగానే ఉంది, బురదైంది కాబట్టి కడగాలి. తర్వాత పసుపునీళ్లు చల్లించి, వీణలకి కొత్త గుడ్డలు కుట్టించారు. పసుపునీళ్లు బురద కోసం కాదు. ఎవరి కోసమో లోవమ్మ అక్కడుంటే ఆవిడకీ అర్థమయ్యేది. ఆ రోజు ఆ చెంబు లాక్కుని విసిరేద్దామనిపించింది.

పరీక్ష ఇక వచ్చే నెలలోనే అన్నారు. అమ్మ మాత్రలు ఆపించింది. ఆపిన మర్నాడే స్కూలు నుంచి ఫోను, పరీక్షాధికారి ఎల్లుండి వస్తున్నారని. ఆపితే రావలసింది సరిగ్గా పరీక్ష రోజు తెల్లవారేసరికి వచ్చింది. మామూలుగా వదిలేసి ఉంటే వరద రోజుల్లోనే వచ్చి, ఎప్పుడో వెళ్లిపోయేది. అడ్డం రాకూడదని మింగిన మాత్రలే అడ్డంగా తెచ్చి పెట్టాయి. అమ్మకి చెప్పాను. మామ్మ పెరట్లో ఉందో లేదో చూసి, గొంతు తగ్గించింది.

"ఎవరికీ చెప్పకు. వెళ్లి వాయించేసి రా. ఇక్కడ నేను చూసుకుంటాను" అంది. నాకు తెలిసి అమ్మ మామ్మ చాటున చేసిన మొదటి పని అది.

నేను అబద్ధానికి సిద్ధపడే వెళ్లాను. ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే ఉన్నాను. వరండా ఎక్కేసరికి బెంచీ మీద హేమ కూర్చుని ఉంది, ఒళ్లో స్కేలు పెట్టుకుని. దానికి అబద్ధం చెప్పమని ఎవరూ నేర్పినట్టు లేదు. నన్ను చూసి పక్కకి జరిగింది.

"నువ్వూనా అక్కా?" అంది.

మాస్టారికి చెప్పడానికి అబద్ధం తెచ్చుకున్నాను. పరీక్షాధికారికి చెప్పడానికీ తెచ్చుకున్నాను. దీనికి చెప్పడానికి తెచ్చుకోలేదు. పక్కన కూర్చున్నాను.

పరీక్షాధికారి విజయవాడ నుంచి వచ్చిన మేడమ్. మా ముందు ఆగి, వీళ్లెందుకు బయట కూర్చున్నారని మాస్టారిని అడిగారు. ఒంట్లో నలతగా ఉందని, వచ్చే ఏడు ఇస్తారని మాస్టారు చెప్పారు. నాకు వచ్చే ఏడు లేదని ఆయనకి తెలుసు. తెలిసే చెప్పారు.

నేను లేచి నిలబడ్డాను. "నలత కాదండీ, నెలసరి. గదిలోకి రానివ్వరు" అన్నాను.

మాస్టారు తన చెప్పుల వంక చూసుకున్నారు. ఆడమనిషి కదా, మేడమ్ ఏదన్నా అంటారని ఎదురుచూశాను. ఆవిడ గడియారం చూసుకున్నారు. స్కూలు పద్ధతుల్లో తాను కలగజేసుకోలేనని, వీణ వాయించనివాళ్లకి వాయిద్యం మార్కులు వేయడం కుదరదని, ఎంతో మర్యాదగా చెప్పారు. చెంప మీద కొట్టినా అంత కోపం వచ్చేది కాదు.

"సైట్ రీడింగు పాడొచ్చని రూల్లో ఉందండీ. అది పెట్టండి. దానికి వీణక్కర్లేదు" అన్నాను.

ఆవిడ ఆలోచించి ఫైలులోంచి ఒక కాగితం తీశారు. మాస్టారు దాన్ని అందుకుని, నా చేతికివ్వకుండా కిటికీ గట్టు మీద పెట్టారు. నేను తీసుకున్నాను. నాలుగు వరసలు, ఆదితాళం. మూడో వరసలో పంచమం మీద చాలాసేపు నిలిచి, అక్కణ్ణుంచి కింది స్థాయికి దిగాలి. మామూలుగా అక్కడే అందరూ జారిపడతారు. నాకు ఆవిడ ఇచ్చిన టైము సగం కాకముందే మొత్తం వినబడిపోయింది. మోకాలి మీద తాళం వేస్తూ అందుకున్నాను. మొదటి వరస కోపానికి మరీ గట్టిగా వచ్చింది. రెండో వరసకి సర్దుకుంది. ఆ పంచమం దగ్గర, లోపల వీణ ముందు కూర్చున్న పిల్లలు కూడా కిటికీ దగ్గరకొచ్చి నిలబడ్డారు. చివరి స్వరం వదిలాక మేడమ్ అంకె వేసుకున్నారు. హేమ చేత కూడా పాడించాను. రెండో వరసలో ఆగింది, వేలితో ఆ అక్షరం పట్టుకుని మళ్లీ దారిలో పడింది.

ఫలితాలు వచ్చాయి. సైట్ రీడింగులో నాకు ఇరవైకి ఇరవై. మిగతావాటిలో గైర్హాజరు. మొత్తం వందకి ఇరవై, ఫెయిల్. నాన్న ఫోనులో రెండుసార్లు చూసి, కాయల రాశి దగ్గరకి వెళ్లిపోయాడు. మామ్మ నా దగ్గరకొచ్చింది.

"చూశావా, దూరంగా కూర్చోబట్టే కదా అంత బాగా వచ్చింది" అంది.



మర్నాడు స్కూలు గేటుకి ఫ్లెక్సీ కట్టారు. నా ఐడీ కార్డు ఫొటో గేటంత పెద్దది చేసి, కింద నా పేరు, 'సైట్ రీడింగ్‌లో 20కి 20, మా విద్యార్థిని ఘనత' అని వేశారు. పక్కన గుండ్రంలో మాస్టారి ఫొటో. పిల్లలంతా నాకు చేతులిచ్చి అభినందించారు. బడి వదిలాక హేమని స్టూలు పట్టుకోమని, నల్ల మార్కరుతో ఆ ఇరవై కింద పెద్దగా రాశాను. 'మొత్తం వందకి ఇరవై. ఫెయిల్. గదిలోకి రానివ్వలేదు.' రాసి కింద సంతకం కూడా పెట్టాను.

పొద్దున్నే అమ్మకీ నాన్నకీ స్కూలు నుంచి కబురొచ్చింది. ఆ రోజు అమ్మ కూడా బయటుంది. వెనక వరండాలో చాప మీద కూర్చున్నదల్లా లేచి, చీర మార్చుకుని, మామ్మ ఏదో అంటుంటే వినకుండా బండెక్కింది. ఆఫీసులో కరస్పాండెంట్ గారు స్కూలు పరువు గురించి చాలాసేపు మాట్లాడారు. అమ్మాయి చేత క్షమాపణ రాయించమన్నారు. నాన్న తల దించుకుని ఆయ్, ఆయ్ అంటున్నాడు. అప్పుడు మాస్టారు అమ్మ వైపు తిరిగారు. ఆయన గొంతులో కోపం లేదు, నిజంగా బాధే ఉంది.

"నేనేదో కొత్తగా పెట్టినట్టు రాసిందమ్మా మీ అమ్మాయి. మీ ఇంట్లో లేదా ఈ పద్ధతి? మీరే చెప్పండి" అన్నారు.

అమ్మ కొంగు సర్దుకుంది.

"ఉండేదండి" అంది.

నాన్న తలెత్తి అమ్మ వంక చూశాడు. నేనూ చూశాను. క్షమాపణ మా అమ్మాయి రాయదండి అని లేచేటప్పుడు అమ్మ అంది. కరస్పాండెంట్ గారు ఫ్లెక్సీ విప్పించేశారు. బెంచీ మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది. ఈ ఏడు దాని మీద కూర్చోనని హేమ అంటోందట.

వచ్చేటప్పుడు కాలవ గట్టు మీద నాన్న బండి ఆపాడు. వీణలు ఎక్కడ బాగా చేస్తారో కనుక్కోమన్నాడు, మీ మాస్టారిని కాకుండా ఇంకెవర్నైనా అని కూడా అన్నాడు. నేను ఫెయిలయ్యాను కదా నాన్నా అన్నాను. నాన్న బండి స్టార్ట్ చేశాడు.

ఇంటికొచ్చాక అమ్మ వెనక వరండాలోకి వెళ్లలేదు. కాళ్లు కడుక్కుని నేరుగా వంటింట్లోకి వెళ్లి స్టవ్ వెలిగించింది. మామ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఈ ఇంట్లో ఇలాంటివి చూడాల్సి వచ్చిందని, వ్రతాల నెలని, ఇంకా ఏవేవో అంది. అమ్మ పాలు పొంగకుండా చూసుకుంటూ అంతా విని, కాఫీ కలిపి తెచ్చి, ఎప్పుడూ మామ్మ తాగే స్టీలు గ్లాసులోనే ఆవిడ ముందు పెట్టింది.

"తీసుకోండత్తయ్యగారూ" అంది.

మామ్మ మొహం తిప్పుకుంది. గ్లాసు అలాగే ఉండి చల్లారిపోయింది. అమ్మ దాన్ని తీసి, మళ్లీ పాలు పెట్టి, ఇంకోటి కలిపి తెచ్చింది. నేను గుమ్మం పక్కన నిలబడి చూస్తున్నాను. వద్దంటే మూడోది కూడా కలుపుతుందని మామ్మకి అప్పటికి తెలిసినట్టుంది. చాలాసేపటికి గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగింది.

"పంచదార చాల్లేదు" అంది.

అమ్మ చెంచాతో పంచదార తెచ్చి, గ్లాసు మామ్మ చేతిలో ఉండగానే వేసి కలిపింది.